కడుపు నిండిన డేగ

నా మాట ఎవరూ వినరు. ఇది ఇవాళ కొత్తగా చెబుతున్నది కాదు. కువైట్‌కు వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఈ ఇరవై రెండేళ్లలో నేను చేసిన ఫిర్యాదుల్లో ఒక్కదానికి కూడా సరైన జవాబు రాలేదు. మా వీధి బకాలావాడు, అంటే కిరాణా కొట్టువాడు, పాచిపోయిన రొట్టె అంటగట్టాడని నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ వాడు ఫోన్ చూసుకుంటూ తల ఊపాడు. తెలుగువాళ్ల పండగ సభకు మూడు ట్రిప్పులు కుర్చీలు మోసిపెట్టాను. మైకులో చదివిన పేర్లలో నా పేరు లేదు. అడిగితే, వచ్చే ఏడు చదువుతామన్నారు. వచ్చే ఏడూ చదవలేదు. ఊళ్లో మా చిన్నాన్న కొడుకు పెండ్లిలో నన్ను లేపి రెండో బంతిలో కూర్చోబెట్టారు. అప్పుడు నా విస్తట్లో ఏం వడ్డించి ఉన్నాయో కూడా చెప్పగలను. నేను దేన్నీ మరచిపోను.

ఇప్పుడు నా దగ్గర ఇంకో ఫిర్యాదు ఉంది. ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. ఇది నా మీద నేను చేస్తున్నది. దీన్ని కూడా ఎవరూ వినలేదు.

ముగ్గురికి చెప్పి చూశాను. మొదట మా బాబాకు, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానికి, ఇక్కడి మాటలో కఫీల్‌కు. ఆసుపత్రికి తీసుకుపోతూ కారు నడుపుతూనే చెప్పాను. ఆయన ఇప్పుడు ముసలివాడయ్యాడు. సగం విని "ఖలాస్, ఖలాస్, పాత సంగతి" అని కళ్లు మూసుకున్నాడు. తరువాత నా గదిలో ఉండే గోదావరి ఆయనకు చెప్పాను. మంచివాడే, ప్రార్థనలకు పోతాడు. "పిట్ట కోసమాండీ ఇంత బాధ? ఆదివారం మాతో రండి, మనసు తేలిక పడుద్ది" అన్నాడు. మూడోసారి నా భార్యకు ఫోన్‌లో చెప్పాను. ఆమె ఊళ్లో వానలు పడలేదని చెప్పింది.

అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. మధ్యలో లేచిపోకుండా చివరిదాకా చదివితే చాలు. నా పేరు రాయను. రెడ్డెప్ప అని నేను రాయబోయే మనిషి అసలు పేరు కూడా అది కాదు. చదివితే అతనికి తెలుస్తుంది.

నేను కువైట్‌లో సల్వా అనే పేటలో ఒక ఇంటి డ్రైవర్ని. పిల్లలను బడికి దింపడం, మామాను, అంటే బాబా భార్యను, చుట్టాల ఇళ్లకు తీసుకుపోవడం, బాబాను ఆయన స్నేహితుల దగ్గరికి తీసుకుపోవడం నా పని. చలికాలం వస్తే పని మారుతుంది. ఇక్కడివాళ్లకు చలికాలమంటే ఎడారి. నవంబరు నుంచి మార్చి దాకా అనుమతి తీసుకుని ఎవరైనా ఖైమాలు, అంటే గుడారాలు, వేసుకోవచ్చు. ఆ నేల ఎవరిదీ కాదు, సర్కారుది. అహ్మది ఊరు దాటి ఇంకా దక్షిణానికి పోతే, దూరంగా చమురు బావుల మంటలు కనబడే చోట, ప్రతి ఏడూ మా బాబా ఖైమాలు లేచేవి. కూర్చునే ఖైమా ఒకటి, వంటకు ఒకటి, మాకొకటి, డేగకు ఒకటి. నీళ్ల ట్యాంకు, జనరేటరు, పిల్లలు ఇసుకలో తోలుకునే నాలుగు చక్రాల బండ్లు, బాబా స్నేహితులకు కట్టెల మంట, ఖహ్వా అనే కాఫీ, ఖర్జూరాలు. ఇవన్నీ నేనే చేర్చేవాణ్ని. పక్క ఖైమావాళ్లు మా జాగాలోకి రెండు గజాలు జరిగినప్పుడు వాళ్లతో గొడవ పడిందీ నేనే. దానికి నన్ను మెచ్చుకున్నవాళ్లు లేరు.

బాబాకు ప్రాణం డేగ. దాని పేరు షమ్మా. ఛాతీ మీద గోధుమరంగు చారలు, పసుపు కాళ్లు. ఇక్కడ అడవి పక్షులను వేటాడకూడదు. గాలి తుపాకులతో దొంగచాటుగా కొట్టేవాళ్లు ఉన్నారు కానీ మా బాబా అట్లాంటివాడు కాదు. వలస పిట్టలు మంద మందలుగా దిగినా షమ్మాను వాటి మీదికి వదలనిచ్చేవాడు కాదు. చలికాలమంతా తాడుకు కట్టిన ఈకల కట్ట తిప్పుతూ దానికి సాధన చేయించడం, కాలం కలిసివస్తే వేటకు అనుమతి ఉన్న వేరే దేశానికి తీసుకుపోవడం. అంతే.

డేగను పట్టే మనిషి ముంజేతికి తోలు తొడుగు వేసుకుంటాడు. ఆ తొడుగు నాకు రావాలని అనుకున్నాను. ఎన్నేళ్లు అనుకున్నాను? చాలా ఏళ్లు. నేను వచ్చిన రెండో ఏడు ఒక పాత డేగ నా మణికట్టును గోళ్లతో పట్టింది. నేను అరిచాను. అక్కడున్న పదిమందీ నవ్వారు. ఆ తరువాత తొడుగు నాకెవరూ ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. అడగకుండానే ఇవ్వాలి కదా అని నా పట్టుదల. అడిగి తీసుకునేది గౌరవమా?

అట్లా నేను వచ్చి పదమూడేళ్లు గడిచాక ఖైమా పనులకు ఇంకో మనిషి కావాలని బాబా అన్నాడు. నేను రెడ్డెప్ప పేరు చెప్పాను. రాయచోటి దగ్గర మా పక్క ఊరివాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. చిన్నప్పటినుంచి కొండ మీది సర్కారు అడవిలో గొర్రెలు మేపినవాడు. ఫారెస్టువాళ్లు తరిమితే ఇంకో వైపు నుంచి మందను ఎక్కించేవాడు. కౌజు పిట్ట ఏ పొదలో గుడ్లు పెట్టిందో నడుస్తూనే చెప్పేవాడు. నమ్మకమైనవాడు, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. నా కింద పనిచేసే మనిషి దొరికాడని సంతోషించాను. అదీ చెప్పాలి కదా.

అతను వచ్చిన మూడో రోజున షమ్మా అతని చేతి మీద కూర్చుని తిన్నది.

ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అతను దాని ముందు గొంతుక్కూర్చుని, దానివైపు చూడకుండా, ఇసుకలో వేలితో ఏవో గీతలు గీస్తూ ఊరికే ఉన్నాడు. గంటసేపు. బాబా ఖైమా తెర పక్క నిలబడి చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. ఆ సాయంత్రమే బాబా తొడుగు తెచ్చి రెడ్డెప్పకు ఇచ్చాడు. అంత తేలిగ్గా. పెట్టెలోంచి తీసి, దుమ్ము దులిపి, ఇచ్చాడు.

రెడ్డెప్ప నా దగ్గర ఏదీ దాచుకోలేదు. నేర్చుకున్నదంతా నాకు చెప్పేవాడు. పొద్దున్నే షమ్మాను కాటా మీద నిలబెట్టి తూచడం చూపించాడు. రోజూ ఒకే బరువు ఉండాలి. కొంచెం తగ్గితే నీరసపడుతుంది. కొంచెం పెరిగితే ఎగురుతుంది కానీ తిరిగి రాదు. "ఇది మనమీద ప్రేమతో రాదన్నా, ఆకలితో వస్తాది" అనేవాడు. అందుకే ఎగరేసే ముందు దానికి ఒక్క ముక్క కూడా పెట్టకూడదు. ఎగిరి, ఈకల కట్ట దగ్గరికి దిగి వచ్చాక, అప్పుడు పావురం మాంసం. ఆ పావురాలను నేను అల్ రాయ్ పిట్టల సంతలో కొని తెచ్చేవాణ్ని. తెచ్చింది నేను, పెట్టింది అతను.

ఒకసారి నవ్వుతూ అన్నాడు: "అన్నా, ఈమెకు కూడా పాస్‌పోర్టు ఉండాదంట. అది కూడా బాబా బీరువాలోనే. మన ముగ్గురివీ ఒకే అరలో పడుకోనుండాయి." నేను నవ్వలేదు. మన ముగ్గురివీ అన్నాడు. అతనూ ఆ పక్షీ ఒక జట్టు, నేను మూడోవాణ్ని అని నాకు వినబడింది. ఆ మాటలో అట్లాంటిదేమీ లేదు. ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు దాన్ని పట్టుకుని ఎన్ని రోజులు నమిలానో.

ఇక ఆ గురువారం సాయంత్రం. బాబా అన్నగారు, ఆయన స్నేహితులు ఐదుగురు వచ్చారు. మరుసటి రోజు పొద్దున షమ్మాను ఎగరేసి చూపించాలి. మంట చుట్టూ కూర్చున్నారు. బాబా రెడ్డెప్పను పిలిచి భుజం మీద చెయ్యి వేసి, వచ్చే చలికాలం వేటకు ఇతన్ని నాతోపాటు తీసుకుపోతానని అందరికీ చెప్పాడు. ఒక అతిథి నా వైపు చూపించి ఇతనెవరు అని అడిగాడు. బాబా నా పేరు కోసం ఆగాడు. పద్నాలుగేళ్లు. నేను ఖహ్వా పాత్ర పట్టుకుని నిలబడి, ఆయన నోట్లోంచి నా పేరు వస్తుందని చూశాను. రాలేదు. "డ్రైవర్. చాయ్ బాగా పెడతాడు" అన్నాడు. వాళ్లు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. నేను కూడా నవ్వి కప్పుల్లో పోశాను.

రెడ్డెప్ప మాత్రం నవ్వలేదు. ఆ సంగతి అప్పుడు గమనించాను. గమనించి కూడా పక్కన పెట్టాను. ఎందుకు పక్కన పెట్టాను? అది లెక్కలోకి వస్తే నా కోపం నిలబడదు కనక.

శుక్రవారం పొద్దున రెడ్డెప్ప షమ్మాను తూచాడు. సరైన బరువు. దాని కళ్ల మీదికి తోలు గంత దించి, ఇసుకలో నాటిన దిమ్మ మీద కూర్చోబెట్టాడు. ఈకల కట్ట తాడు తెగేలా ఉందని, కొత్త తాడు కోసం కారు దగ్గరికి పోయాడు. కారు దూరంగా ఉంది. అతిథులు లేస్తున్నారు, ఈజిప్టు వంటమనిషి రొట్టెలు కాలుస్తున్నాడు. డేగ ఖైమాలో నేనూ అదీ మిగిలాం.

ఐసు పెట్టెలో పావురం మాంసం ఉంది. సాధన అయ్యాక పెట్టాల్సింది. నేను తీశాను.

ఇక్కడ ఆగి చాలాసార్లు ఆలోచించాను. ఏమనుకుని తీశాను? దాన్ని చంపాలని కాదు. దేవుని సాక్షిగా కాదు. ఒక్కసారి, ఆ ఆరుగురి ముందు, రెడ్డెప్ప పిలిస్తే అది రాకూడదు. అతను తాడు తిప్పుతూ ఇసుకలో నిలబడాలి, వాళ్లు నవ్వాలి. నన్ను చూసి నవ్వినట్టు. గంటా రెండు గంటలకు ఆకలేసి అదే వస్తుంది. అంతే నేను అనుకున్నది. ఇంత చిన్న కోరిక అని నాకు నేను చెప్పుకున్నాను. చిన్నదైతే ఖైమా తెర ఎందుకు దించాను?

ముక్క దాని ముక్కుకు తగిలించాను. గంత ఉంది కాబట్టి ఎవరు పెడుతున్నారో దానికి తెలియదు. తిన్నది. ఇంకో ముక్క. అదీ తిన్నది. నా ఒట్టి వేళ్ల నుంచి, గోరైనా తగలకుండా, ఎంత మెల్లగా తీసుకున్నదో. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఒక డేగ నా చేతి మేత తిన్నది. నాకు సంతోషం వేసింది. ఈ మాట రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. పగతో మొదలుపెట్టి, సంతోషంతో పెట్టాను. మూడు ముక్కలతో ఆపాల్సినవాణ్ని, మొత్తం పెట్టేశాను. దాని గొంతు కింది తిత్తి నిమ్మకాయంత ఉబ్బింది.

అందరూ బయట నిలబడ్డారు. రెడ్డెప్ప షమ్మాను చేతి మీదికి తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఆగిపోయాడు. చేతిని ఒకసారి పైకీ కిందికీ కదిలించాడు, కూరగాయలు తూచి చూసుకున్నట్టు. ఖైమా వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. నేను చాయ్ పాత్ర మూత సరిచేసుకుంటున్నాను. అప్పుడు ఒక్క మాట చాలు. ఇవాళ వద్దు అంటే చాలు. ఎందుకని కూడా ఎవరూ అడగరు, నా మాట మీద ఎవరికి పట్టింపు? అనలేదు. బాబా "యల్లా, రెడ్డెప్పా" అన్నాడు. ఆయనకు ఆ పేరు బాగా నోరు తిరిగేది.

గంత తీశాడు. షమ్మా లేచింది. పెద్ద చుట్టు ఒకటి తిరిగింది. రెడ్డెప్ప ఈకల కట్ట తిప్పుతూ పిలిచాడు. అది కిందికి చూసింది, చూసి పక్కకు తిరిగింది. నిదానంగా, పని లేని మనిషి సాయంత్రం నడకకు పోయినట్టు, పోయి దూరంగా ఉన్న హైటెన్షన్ స్తంభం మీద వాలింది.

వాళ్లు నవ్వారు. నేను అనుకున్నట్టే నవ్వారు. బాబా ముఖం ఎర్రబడింది. నాకు కావలసింది దొరికింది. ఎంతసేపు ఉంది నాకు ఆ తృప్తి? చాయ్ ఒక వరుస పోసేంతసేపు.

రెడ్డెప్ప ఆ స్తంభం దాకా ఇసుకలో పరుగెత్తాడు. వెనక కారులో మేం పోయాం. అతను స్తంభం కింద నిలబడి తాడు తిప్పుతూ, పిలుస్తూ, దాదాపు రెండు గంటలు ఉన్నాడు. గొంతు పోయింది. చివరికి పిలవడం మాని, మా కొండల్లో గొర్రెలను పిలిచే కూత వేశాడు. షమ్మా ఈకలు సవరించుకుంటూ కూర్చుంది. ఎండ ఎక్కాక, ఇంకో తీగ మీదికి జరుగుదామని కాబోలు, రెక్కలు విప్పింది. రెక్క పక్క తీగకు తగిలి చిటుక్కుమని చిన్న చప్పుడు. అంతే. రాయి పడ్డట్టు పడింది.

అతను దాన్ని తలగుడ్డలో ఎత్తుకుని వచ్చాడు. బాబా గుడ్డ విప్పి, వేలితో గొంతు కింద నొక్కి చూశాడు. ఎన్నో ఏళ్లు డేగలను పెంచిన మనిషి. తల ఎత్తి, దీనికి మేత ఎవరు పెట్టారు అని అడిగాడు. మామూలు గొంతుతో. నేనున్నాను, వంటమనిషి ఉన్నాడు, రెడ్డెప్ప ఉన్నాడు. నా నోరు తెరుచుకుంది. తెరుచుకున్నదని నాకు గుర్తుంది. నాలుక మీదికి ఏ మాట రాబోయిందో మాత్రం గుర్తు లేదు. నేనే అనబోయానా, నాకు తెలియదు అనబోయానా? ఈలోపల రెడ్డెప్ప అన్నాడు.

"నేనే బాబా."

నాలుగో రోజున అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రద్దయింది. టికెట్ బాబాయే ఇచ్చాడు. విమానాశ్రయానికి దింపే పని డ్రైవర్‌ది. అంటే నాది.

మధ్యాహ్నం ఎండలో బయలుదేరాం. అతని దగ్గర ఒక దుప్పటి మూట, ఒక ఖర్జూరాల డబ్బా. కారెక్కి "పిలిపించిందీ నువ్వే, దింపేదీ నువ్వే. మధ్యలో బాబా దేనికన్నా?" అని నవ్వాడు. నేను ఏసీ తిప్పాను. చాలాదూరం పోయాక అడిగాను.

"ఎందుకట్ల చెప్పినావు? నువ్వు పెట్టలేదు గదా?"

"ఎవురో ఒకరు చెప్పాల గదన్నా. చెప్పకపోతే ముగ్గురినీ పంపిస్తాడు. ఆ వంటాయనకు ఏం తెల్సు పాపం."

"తూకం తేడా వచ్చిందని నీ చేతికి తెలియలేదా?"

"తెలిసింది."

"మరెందుకు ఎగరేసినావు?"

అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు.

"పోనీలేన్నా. కడుపు నిండి పోయింది. ఆకలితో పోలేదు."

నేను ఏమన్నానో తెలుసా? "పాస్‌పోర్టు జేబులో ఉందా, చూసుకో" అన్నాను. అతను జేబు తట్టి చూపించాడు. దింపి, కారు ఆపడానికి వీల్లేని చోట ఆపినందుకు అక్కడి గార్డు కేకలేస్తే, వాడితో కొట్లాడి వచ్చాను. రెడ్డెప్ప లోపలికి పోవడం చూడలేదు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఆ వారమే నేను ఇంటికి ఫోన్ చేసి, రెడ్డెప్ప డేగకు మేత ఎక్కువ పెట్టి చంపాడని, బాబా పంపేశాడని చెప్పాను. ఎవరూ అడగకముందే చెప్పాను. అడిగేలోపల నా కథ ఊళ్లో ఉండాలని. మా ఆవిడ ఇంకొకరికి చెప్పింది, ఆ ఇంకొకరు వాళ్ల ఊళ్లో చెప్పారు. ఆ తరువాత రెండుసార్లు అతను మళ్లీ గల్ఫుకు రావాలని ప్రయత్నించాడు. రెండుసార్లూ, ఇక్కడున్న మనవాళ్లు "వాడా, అప్పజెప్పిన ప్రాణాన్ని చంపినోడు" అని వీసా మాట దాటేశారు. ఆ మాటను ఊరికి మోసింది నేనే. అది ఇప్పటికీ అతని పేరుకు ముందు ఇంటిపేరులా నిలిచింది.

బాబా మరుసటి ఏడు కొత్త డేగను కొన్నాడు. తొడుగు నాకు ఇవ్వలేదు. పాకిస్తాన్ నుంచి అనుభవం ఉన్న మనిషిని తెప్పించాడు. పదిహేనేళ్లు పనిచేసిన మనిషిని కాదని కొత్తవాణ్ని పెట్టడమేమిటని మామా దగ్గర ఫిర్యాదు కూడా చేశాను. చేశానండీ. అట్లాంటివాణ్ని.

రెండేళ్ల కిందట సెలవుకు పోయినప్పుడు రెడ్డెప్పను చూశాను. కోళ్ల ఫారంలో కాపలా ఉంటున్నాడు. చెప్పేద్దామనే పోయాను. గేటు దగ్గర నన్ను చూసి పరుగున వచ్చి, ఎప్పుడొచ్చినావన్నా అని కుర్చీ వేశాడు, తను ఇటుక మీద కూర్చున్నాడు. బాబా ఆరోగ్యం అడిగాడు. కొత్త డేగ ఎట్లా ఉందని అడిగాడు. నేను అరగంటసేపు ఆ పాకిస్తానీ మీద చెప్పాను. వాడు నన్ను ఎట్లా లెక్కచేయడో, వాడికి ఎట్లా ఏమీ రాదో. రెడ్డెప్ప అంతా విన్నాడు. మధ్యలో లేచిపోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నా జీవితంలో నా ఫిర్యాదులు చివరిదాకా విన్నది అతనొక్కడే. అతనికి చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్పి, టీ తాగి వచ్చేశాను.

అతను ఎవరి దగ్గరా ఫిర్యాదు చేయలేదు. అది నాకు అర్థం కాదు. నా కొలతకు అందదు. రెండో బంతిలో కూర్చోబెట్టినందుకు నేను ఇన్నేళ్లు రగిలాను. అతనికి జరిగిన దానికి అతను ఎంత రగలాలి? లేక అతనికి తెలియదా? తెలియకపోతే నేను దొంగను, అంతే. తెలిసి కూడా కుర్చీ వేశాడంటే మరి నేనేమిటి? ఏది నిజమో తేలక, ప్రతి చలికాలం ఖైమా కర్రలు కారుకెత్తినప్పుడల్లా ఇదే తిప్పుతాను. ఆ స్తంభం ఇంకా అక్కడే ఉంది. మేం ఖైమా వేసే చోటినుంచి కనబడుతుంది. జాగా మార్చుదామని, ఇప్పుడు ఖైమాలు వేయించే బాబా కొడుకుతో అన్నాను. వినలేదు.

పేరు రాయకుండా ఒప్పుకోవడం సగం ఒప్పుకోవడమేనని మీరనవచ్చు. అవును. ఊళ్లో అతని పేరు మీద మచ్చ దీనితో పోదు. నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఇన్ని పేజీలు రాశాక మనసు కొంచెం తేలిక పడింది. ఈ కాస్త కూడా నాకు దక్కాల్సింది కాదేమో.

ఇక మిగిలింది నీతోనే, రెడ్డెప్పా. నేను పెట్టినాను. ఆ పొద్దున ఐసు పెట్టెలోని పావురం మాంసమంతా నా చేత్తో నేను పెట్టినాను. నువ్వు కాదు. నా పేరు రాయమని నువ్వంటే, ఊరందరికీ తెలిసేలా నా పేరు, మా ఇంటిపేరు, మా నాయన పేరు రాస్తాను. వద్దంటే వద్దు. తిట్టాలనుకుంటే తిట్టు, నా భార్య వినేలా తిట్టు. కానీ ఊరికే ఉండొద్దు. బకాలా రొట్టెకు జవాబు రాకపోయినా పోనీ, మైకులో నా పేరు చదవకపోయినా పోనీ, బాబా నోట నా పేరు రాకపోయినా పోనీ. అవన్నీ వదిలేస్తాను. ఇదొక్కటి వదలను. ఆ రోజు కారులో, కిటికీలోంచి బయటికి చూస్తూ, కడుపు నిండి పోయిందిలే అన్నావే, ఆ మాట నీకు నువ్వు చెప్పుకున్నావా, నాకు చెప్పినావా? నీకు తెలుసా, తెలియదా? జవాబు చెప్పు.